నల్లజాతి పిల్లల చరిత్ర పుస్తకాలు, మన వాడ పిల్లల చరిత్ర

(సికింద్రాబాద్ మోండా మార్కెట్లో హమాలీలు, కూరగాయలమ్మే అక్కలు, పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

కూరగాయల మార్కెట్లో నిలబడి పుస్తకాల గురించి మాట్లాడటం ఏంది, అదీ అమెరికా పిల్లల చరిత్ర పుస్తకాల గురించి మాట్లాడటం ఏంది అని మీలో కొందరు అనుకుంటుండొచ్చు. మన బాధలు మనకు చాలవా అని కూడా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాకే ముందుకు పోతాం.

ఈ మార్కెట్లో బస్తా మోసేవాళ్లు వేరు, కాటా పట్టేవాళ్లు వేరు. పండించినోడు పక్కన నిలబడి చూస్తుంటే తూకం రాసుకునేది ఇంకొకడు. టోకు బేరం చాలావరకు బోయినపల్లికి తరలిపోయింది గానీ ఈ పద్ధతి ఎక్కడికీ పోలేదు. చరిత్ర కూడా ఇట్లాంటి కాటానే. మోసినవాళ్ల చేతికి అది రాలేదు. పట్టుకున్నవాళ్లు రాసిందే లెక్క అయింది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్లు ఆ కాటాను తమ పిల్లల కోసం ఎట్లా చేతికి తెచ్చుకున్నారో తెలుసుకుంటే మనకు చెయ్యాల్సిన పని కనబడుతుంది. అందుకే ఈ మాటలు.

పైగా ఈ చుట్టరికం మేం కొత్తగా కలుపుతున్నదేమీ కాదు. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, బానిసత్వాన్ని తీసెయ్యడానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో న్యూయార్క్ పోయి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1946లో ఆయన నల్లజాతి నాయకుడు, చరిత్రకారుడు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న అర్జీ నకలు పంపమని అడిగారు. డుబోయిస్ జవాబిచ్చారు. మన పెద్దలకు అక్కరకొచ్చిన చరిత్ర మనకు అక్కర్లేకుండా పోతుందా?

బడిలో నేర్పిన రెండు ముక్కలు

మేం చదువుకున్న రోజుల్లో అమెరికా చరిత్ర అంటే రెండే ముక్కలు. ఒకటి, 1492లో కొలంబస్ అమెరికాను కనిపెట్టాడు. రెండు, అబ్రహాం లింకన్ బానిసలను విడిపించాడు. ఇవి రాస్తే మార్కులు పడేవి.

ఈ రెండు ముక్కల్ని కాస్త గోకి చూద్దాం. కొలంబస్ పోయేసరికే అక్కడ జనం ఉన్నారు. వాళ్లకు ఊళ్లున్నాయి, పంటలున్నాయి. మిరపకాయ, టమాట, ఆలుగడ్డ, మక్కజొన్న ఆ ఖండం జనం సాగుచేసి లోకానికిచ్చిన పంటలే. అవి సముద్రం దాటి వచ్చాకనే మన వంటింట్లోకి వచ్చినయి. ఇవాళ మన అక్కలు గంపలో పోసుకుని అమ్ముతున్న మిరపకాయ వెనుక ఆ రైతుల చేతులున్నాయి. అంత జనాన్ని దాచిపెట్టి, ఒక్క ఓడ నాయకుణ్ణి చూపెట్టి, ఆయనే కనిపెట్టాడని నేర్పారు.

లింకన్ సంగతి చూడండి. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వచ్చింది. 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. ఇది నిజం. అయితే ఆ యుద్ధంలో బానిసత్వానికి వ్యతిరేకంగా తుపాకీ పట్టిన నల్ల సైనికులు 1,80,000 మంది దాకా ఉన్నారు. తోటల్లో పని మానేసి పారిపోయి వచ్చినవాళ్లు ఇంకా ఎందరో. వాళ్లను వదిలేసి, ఒక మహానుభావుడు దయతలచి విడిపించాడంటే పిల్లలకు ఏం అర్థమవుతుంది? పైనుంచి ఎవరో వచ్చి చెయ్యి ఇస్తే తప్ప కిందివాడు లేవలేడని అర్థమవుతుంది. మన పిల్లలకూ ఇదే పాఠం చెబుతూ వచ్చారు. ఫలానా దొర మంచోడు, ఫలానా మహాత్ముడు మనల్ని ఉద్ధరించాడు అని.

ఈ ముక్కల్ని తిరగరాసిన పుస్తకాలు అమెరికాలోనే వచ్చినయి. హోవార్డ్ జిన్ 1980లో జనం వైపు నుంచి అమెరికా చరిత్ర రాశాడు. ఓడ మీద నిలబడి ఒడ్డును చూడకుండా, ఒడ్డున నిలబడి ఓడను చూసినవాళ్లతో మొదలుపెట్టాడు. 2007లో దాన్ని బడి పిల్లల కోసం కుదించి అచ్చేశారు. అమెరికా మూలవాసుల చరిత్రను రోక్సాన్ డన్‌బార్ ఓర్టిజ్ రాస్తే, 2019లో దాన్నీ పిల్లల కోసం తిరగరాశారు. పెద్దల పుస్తకాన్ని పిల్లల భాషలోకి తేవడం అక్కడ ఒక పనిగా పెట్టుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రొట్టెముక్కకు ఒక అక్షరం

మనకు అక్షరం ఎట్లా నిషేధమో, అక్కడి బానిసలకూ అట్లాగే నిషేధం. సౌత్ కరోలినాలో 1740లోనే బానిసలకు రాత నేర్పితే జరిమానా వేసే చట్టం వచ్చింది. 1830లో నార్త్ కరోలినా, 1831లో వర్జీనియా ఇట్లాంటి చట్టాలే చేసినయి. మనకు మనుస్మృతి, వాళ్లకు శాసనసభ. పని ఒక్కటే.

ఫ్రెడరిక్ డగ్లస్ అనే బానిస పిల్లాడు బాల్టిమోర్ పట్నంలో ఒక దొర ఇంట్లో ఉండేవాడు. దొరసాని నాలుగు అక్షరాలు నేర్పింది. దొరకు తెలిసి ఆపించాడు. చదువొస్తే వీడు బానిసగా పనికిరాడన్నాడు. దొర నోటి నుంచి వచ్చిన ఆ మాటతోనే పిల్లాడికి దారి తెలిసిపోయింది. దేనికి దొర భయపడుతున్నాడో అదే తనకు కావాలనుకున్నాడు. వీధిలో ఆకలిగా తిరిగే పేద తెల్ల పిల్లలకు రొట్టె ఇచ్చి, బదులుగా వాళ్ల దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. బూట్లు పాలిష్ చేసి కూడబెట్టిన 50 సెంట్లు పెట్టి ఒక పుస్తకం కొనుక్కున్నాడు. అప్పటికి అతనికి పన్నెండేళ్ల వయసు. తర్వాత పారిపోయి, 1845లో తన జీవితం తానే రాసి అచ్చేశాడు. ఆ పుస్తకం ఇవాళ అమెరికా బడుల్లో పిల్లలు చదువుతారు.

స్టేషన్ దగ్గర బూట్లు పాలిష్ చేసే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. వాళ్ల చేతిలో ఏ పుస్తకం పెడదాం? ఇదే ఇవాళ్టి మన ప్రశ్న.

పుస్తకం నుంచి బస్సు దాకా

బానిసత్వం పోయాక కూడా తెల్లవాళ్లు రాసిన పిల్లల పుస్తకాల్లో నల్ల పిల్లాడు ఒక వెకిలి బొమ్మ. పెద్ద పెదవులు, భయపడే కళ్లు, పిచ్చి మాటలు. ఆ పుస్తకాలే చదివి నల్ల పిల్లలు తమను తామే అసహ్యించుకునేవాళ్లు. మన సినిమాల్లో పాలేరు పాత్రను చూసి మన పిల్లలు తల దించుకున్నట్టే.

అంబేద్కర్ ఉత్తరం రాసిన ఆ డుబోయిస్సే, జెస్సీ ఫాసెట్ అనే రచయిత్రితో కలిసి 1920 జనవరిలో నల్ల పిల్లల కోసం 'బ్రౌనీస్ బుక్' అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. అందులో నల్ల వీరుల జీవితకథలు వేశారు. బడిలో బాగా చదివిన పిల్లల ఫొటోలు వేశారు. తర్వాత మహాకవి అయిన లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి రచనలు కొన్ని అందులోనే వచ్చినయి. ఆ పత్రిక 24 సంచికలతో 1921 డిసెంబర్లో ఆగిపోయింది. చందాలు చాలలేదు. చిన్న పత్రికలు నడిపేవాళ్లకు ఆ కష్టం ఏందో మేం చెప్పక్కర్లేదు. అయినా విత్తనం పడింది.

రెండో మనిషి కార్టర్ వుడ్సన్. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు. ఈయన బొగ్గుగనిలో కూలికి పోయాడు. చదువురాని తోటి కార్మికులకు పేపరు చదివి వినిపించేవాడు. ఇరవై ఏళ్ల వయసులో హైస్కూల్లో చేరి, 1912లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. నల్లవాళ్లకు చరిత్రే లేదనే పండితుల మధ్య కూర్చుని చదివాడు. 1915లో నల్లవాళ్ల చరిత్ర కోసం ఒక సంఘం పెట్టాడు. 1926 ఫిబ్రవరిలో 'నీగ్రో చరిత్ర వారం' మొదలుపెట్టాడు. లింకన్, డగ్లస్ ఇద్దరి పుట్టినరోజులూ కలిసొచ్చే వారాన్ని ఎంచుకున్నాడు. జనం అప్పటికే పండుగ చేసుకుంటున్న రోజుల్లోకి చరిత్రను తెచ్చిపెట్టాడు. 1928లో చిన్న తరగతుల పిల్లల కోసం నల్లవాళ్ల చరిత్ర పుస్తకం విడిగా రాశాడు. నల్లవాళ్ల బడుల్లో పంతులమ్మలు ఈ పని భుజానికెత్తుకున్నారు.

నీగ్రో అనే మాట ఆనాడు వాళ్లే గౌరవంగా వాడుకున్నారు. తర్వాత వద్దనుకుని నల్లవాళ్లం అని చెప్పుకున్నారు. పేరు మార్చుకోవడం మనకూ తెలిసిన పోరాటమే. 1917లో బెజవాడలో పంచముల సభ అని పిలిచిన సభ, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభగా పేరు మార్చుకుంది.

ఇంతకూ ఆ చరిత్ర వారంతో ఏం ఒరిగింది? వినండి. 1955లో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ పట్నంలో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. ఆ ఫిబ్రవరిలో బడిలో నల్లవాళ్ల చరిత్ర చదివారు. బానిసలను దాటించిన హారియెట్ టబ్‌మన్, సభల్లో నిలబడి గర్జించిన సోజర్నర్ ట్రూత్ గురించి విన్నది. మార్చి 2న బస్సెక్కింది. తెల్లామె కోసం సీటు ఖాళీ చెయ్యమన్నారు. లేవలేదు. పోలీసులు ఈడ్చుకుపోయి లోపలేశారు. ఆ ఇద్దరు అవ్వలూ చెరొక భుజం మీద చెయ్యేసి తనను కూర్చోబెట్టినట్టు అనిపించిందని ఆమె తర్వాత చెప్పుకుంది.

అర్థమైందా అన్నలారా? 1926లో ఒక గని కార్మికుడి ఆలోచన, 1955లో ఒక బడి పిల్ల వెన్నెముక అయింది. చరిత్ర పుస్తకం చేసే పని ఇదే.

అయితే ఈ కథలో ఇంకో ముల్లు ఉంది. దాన్ని దాచకూడదు. తొమ్మిది నెలల తర్వాత, 1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ అరెస్టయినప్పుడు ఉద్యమం లేచింది. ఏడాది పైగా బస్సులు బహిష్కరించారు. రోజా పార్క్స్ గొప్పదే. కానీ కాల్విన్‌ను నాయకులు ముందు పెట్టలేదు. చిన్నపిల్ల, పేదింటిది, ఒంటిరంగు మరీ నలుపు, ఆపైన పెళ్లి కాకుండా గర్భవతి అయింది. బస్సుల్లో వేరు సీట్లను రద్దు చేయించిన కోర్టు కేసులో ఆమె కూడా ఫిర్యాదీ. అయినా ఏళ్ల తరబడి ఆమె పేరు చాలామందికి తెలియలేదు. ఫిలిప్ హూస్ అనే రచయిత ఆమెతో కూర్చుని, ఆమె మాటల్లోనే బడి పిల్లల కోసం రాసిన పుస్తకం 2009లో వచ్చింది. దానికి ఆ దేశపు జాతీయ పుస్తక బహుమతి ఇచ్చారు. దొరల చరిత్ర మనల్ని వదిలేస్తుంది, అది తెలిసిందే. మన ఉద్యమాల చరిత్ర కూడా మనలోని ఆడవాళ్లను, మరీ పేదవాళ్లను, చిన్న కులాలవాళ్లను వదిలేస్తుంది. ఈ పుస్తకం నుంచి ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే.

నవ్వే బానిస బొమ్మ

అన్ని పుస్తకాలూ మంచివని మేం చెప్పడం లేదు. 2016 జనవరిలో అమెరికాలో ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజుకు ఆయన బానిస వంటవాడు హెర్క్యులీస్, ఆయన కూతురు నవ్వుకుంటూ తుళ్లుకుంటూ కేకు చేస్తున్నట్టు బొమ్మలు. దొరకు వండిపెట్టడమే భాగ్యం అన్నట్టు. నల్లవాళ్లు, టీచర్లు, లైబ్రరీలవాళ్లు తిరగబడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది.

ఆ హెర్క్యులీస్ నిజంగా ఏం చేశాడో తెలుసా? 1797లో వాషింగ్టన్ ఎస్టేట్ నుంచి పారిపోయాడు. ఆ తర్వాత అక్కడికొచ్చిన విదేశీ అతిథుల్లో ఒకరు హెర్క్యులీస్ చిన్న కూతుర్ని పలకరించారు. నాన్న పోయినందుకు బాధగా ఉందా అని అడిగారు. లేదు, సంతోషంగా ఉంది, నాన్న ఇప్పుడు స్వేచ్ఛగా ఉన్నాడు కదా అందట ఆ పిల్ల. ఆ పిల్ల ఇంకా బానిసే. ఇంత పెద్ద మాట చరిత్రలో ఉండగా కేకు కథ రాశారు.

ఆ దొర దగ్గర్నుంచే 1796లో ఓనా జడ్జ్ అనే యువతి పారిపోయింది. పట్టిస్తే బహుమానం అని ప్రకటన వేశారు. చివరిదాకా దొరకలేదు. ఆ తర్వాత చదవడం కూడా నేర్చుకుంది. ఎరికా ఆర్మ్‌స్ట్రాంగ్ డన్‌బార్ అనే నల్లజాతి చరిత్రకారిణి ఈమె చరిత్ర రాసింది. 2019లో అది పిల్లల పుస్తకంగానూ వచ్చింది. దొర ఒక్కడే. వంటింటి వైపు నుంచి చూస్తే చరిత్ర వేరే కనబడుతుంది.

నమ్మకస్తుడైన పాలేరు, దొర పిల్లల్ని కన్నబిడ్డల్లా సాకిన దాసి, ఇట్లాంటి కథలు మన దగ్గర తక్కువా? వాటిని చదివే పిల్లకు ఒక్క ప్రశ్న నేర్పితే చాలు. 'ఈ పాలేరుకు జీతమెంత? వాడి పిల్లలు ఏ బడికి పోయారు?' కథ అక్కడే బట్టబయలైతది.

అడిగేది ఎవరు?

ఇప్పుడు పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు కాస్త చెవి పెట్టాలి. 1936 నుంచి 1938 దాకా అమెరికా ప్రభుత్వం రచయితలకు జీతాలిచ్చి, బతికున్న మాజీ బానిసల దగ్గరికి పంపించింది. 17 రాష్ట్రాల్లో 2,300 మందికి పైగా ముసలివాళ్ల మాటలు రాసుకున్నారు. ఆ మాటల్ని, అంతకు ముందు అచ్చయిన బానిసల సాక్ష్యాలను ఏరికూర్చి జూలియస్ లెస్టర్ 1968లో 'టు బీ ఎ స్లేవ్' అనే పుస్తకం పిల్లల కోసం చేశాడు. రచయిత తక్కువ మాట్లాడతాడు. ముసలివాళ్లే మాట్లాడతారు. ఓడ గురించి, వేలం గురించి, తల్లి నుంచి బిడ్డను లాక్కున్న రోజు గురించి.

ఆ సేకరణలో ఒక సంగతి మనం పట్టుకోవాలి. సౌత్ కరోలినా చార్ల్‌స్టన్ పట్నంలో సుసాన్ హామ్లిన్ అనే పండు ముసలావిడ. 1937లో ఒక తెల్లామె వచ్చి అడిగింది. ఆమె సంక్షేమ ఆఫీసు మనిషేమోననుకుంది అవ్వ. మా దొర మంచోడు, మమ్మల్ని బాగా చూసుకున్నాడు అని చెప్పింది. తర్వాత ఒక నల్లాయన వచ్చి అడిగాడు. అప్పుడు కొరడాదెబ్బలు, అమ్మకాలు, ఏడ్పులు అన్నీ బయటికొచ్చినయి. ఒక్క మనిషే, ఒక్క బతుకే. అడిగినవాళ్లను బట్టి రెండు చరిత్రలు.

మన ఊళ్లో కూడా ఇంతే. రేషన్ కార్డు భయం, పింఛన్ భయం, సర్పంచ్ భయం పెట్టుకుని ముసలవ్వ నిజం చెప్పదు. వాడ బిడ్డ పోయి, కింద కూర్చుని, అవ్వ చేతి చాయ్ తాగి అడిగితే చెబుతుంది. అందుకే మన చరిత్ర రాయడానికి బయటి పండితుడి కోసం ఎదురుచూడొద్దు.

మన దగ్గర ఏముంది?

అమెరికా చరిత్ర పుస్తకాలు మనకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా గురించిన పుస్తకాలతో పెద్ద లైబ్రరీ కట్టారు. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చి చదువుకున్నారు. ఈ మార్కెట్ నుంచి తార్నాక మీదుగా కాసేపటి ప్రయాణం. కానీ అది ఇంగ్లీషు వచ్చిన పెద్ద చదువులవాళ్ల కోసం కట్టిన లైబ్రరీ. గంప మోసే అక్క బిడ్డకు ఆ తలుపు చాలా దూరం.

ఆ తలుపు తీసి తెలుగులోకి తెచ్చిన పుస్తకం ఒకటి చెప్పాలంటే 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ను సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. కుంటా కింటే పేరు మన హాస్టళ్లలో, సంఘాల్లో తెలియనివాళ్లు తక్కువ. తాత పేరు కూడా సరిగ్గా తెలియని మన పిల్లలు ఏడు తరాలు వెతకొచ్చా అని ఆశ్చర్యపోయారు. అయితే పిల్లలకు ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పి ఇవ్వాలి. అందులో చరిత్రా ఉంది, కల్పనా ఉంది. హేలీ చెప్పిన వంశవృక్షాన్ని చరిత్రకారులు ప్రశ్నించారు. మరో రచయిత నవల నుంచి కొన్ని భాగాలు వచ్చాయని కోర్టు కేసులో ఒప్పుకుని 1978లో రాజీ చేసుకోవాల్సి వచ్చింది. ఇది చెబితే పుస్తకం విలువ పోతుందని భయపడొద్దు. నిజం ఎక్కడిదాకా, కథ ఎక్కడినుంచి అని అడగడం నేర్పడమే చరిత్ర నేర్పడం. మన రాతలో ఒక్క తేదీ తప్పైనా శత్రువు మొత్తం పుస్తకాన్నే అబద్ధమంటాడు.

మన చరిత్ర రాసుకున్నవాళ్లు మనకూ ఉన్నారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, ఆ తర్వాత మన పిల్లల కోసం బడులు నడిపారు. 'బ్రౌనీస్ బుక్' పుట్టక ముందు మాట ఇది. ఆ ఉద్యమంలోనే పనిచేసిన పి.ఆర్. వెంకటస్వామి, నిజాం రాజ్యంలో మనవాళ్ల పోరాట చరిత్రను ఇంగ్లీషులో రాసి 1955లో ఈ సికింద్రాబాద్‌లోనే అచ్చేయించారు. క్లాడెట్ కాల్విన్ బస్సులో కూర్చున్న ఏడాదే అది. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని మళ్లీ తెచ్చింది. హోవార్డ్ జిన్ పుస్తకాన్ని పన్నెండేళ్ల పిల్ల కోసం తిరగరాసినట్టు, ఈ పుస్తకాన్ని తేలిక తెలుగులో ఏడో తరగతి పిల్ల కోసం తిరగరాసే బాధ్యత ఎవరిది? మనదే.

ఇంకోటి అడుగుతాం. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర ఏం జరిగింది? నీళ్లు మురికి చెయ్యొద్దన్న పాపానికి కొట్టబోతే సువార్త అనే తల్లి బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. దాన్నుంచే దళిత మహాసభ పుట్టింది. బస్సు సీటు కోసం లేవని పిల్ల కథ అమెరికా పిల్లలందరికీ పుస్తకంగా దొరుకుతుంది. నీళ్ల కోసం బిందె ఎత్తిన తల్లి కథ బొమ్మలతో, పెద్దక్షరాలతో మీ ఊరి బడిలో పిల్లల చేతిలో ఉందా? లేకపోతే ఎందుకు లేదు?

పుస్తకమంటే ఎవరికి భయం?

ఈ పని తేలిగ్గా సాగనిస్తారనుకోవద్దు. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లవాళ్ల బడికి పోతుంటే గుంపు అరిచింది. సర్కారు మార్షల్స్ కాపలా నడిచారు. ఆ పిల్ల పెద్దదై తన కథ చిన్నపిల్లల కోసం రాసింది. 2021లో టెన్నెసీ రాష్ట్రంలో ఆ పుస్తకాన్ని పాఠాల్లోంచి తియ్యాలని కొందరు ఫిర్యాదు పెట్టారు. తెల్ల పిల్లలు నొచ్చుకుంటారట! ఆరేళ్ల పిల్ల మీద అరిచినప్పుడు నొచ్చుకోనివాళ్లు, అది రాస్తే నొచ్చుకుంటున్నారు.

మనవాళ్లకూ అక్కడే పరీక్ష పెట్టారు. కాలిఫోర్నియా ఆరో తరగతి పుస్తకాల్లో భారతదేశం గురించి ఏం రాయాలని 2005లోనూ, 2016లోనూ పెద్ద గొడవ జరిగింది. కులం మాట, దళితుల మాట తగ్గించాలని కొన్ని హిందూ సంఘాలు పట్టుబట్టినయి. దళిత సంఘాలు, చరిత్రకారులు ఎదురు నిలబడ్డారు. తెలుగు పిల్లలు ఏటా విమానాలెక్కి పోతున్న దేశం అది. కులం కూడా వాళ్లతో పాటు ఎక్కింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధిస్తూ చట్టం చెయ్యాల్సి వచ్చింది. మన బిడ్డలు అక్కడికి పోయినా ఇక్కడే ఉన్నా, ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

ఇక పని మాట

1957లో మాంట్‌గోమరీ బస్సు పోరాటం మీద ఒక పలుచని బొమ్మల పుస్తకం వచ్చింది. ధర 10 సెంట్లు. చర్చీల్లో, బడుల్లో చేతులు మారింది. దాన్ని చదివి ఉద్యమంలోకి వచ్చిన కుర్రాళ్లున్నారు. జాన్ లూయిస్ ఆ పుస్తకాన్ని మర్చిపోలేదు. పార్లమెంటు సభ్యుడయ్యాక, 2013 నుంచి తన జీవితాన్నీ మూడు బొమ్మల పుస్తకాలుగా తెచ్చాడు. గట్టి అట్ట, పెద్ద ధర అక్కర్లేదని అప్పుడే తేలిపోయింది.

కాబట్టి మేం అడిగేవి నాలుగు పనులు.

ఒకటి. ప్రతి వాడలో ఒక అవ్వ, ఒక తాత దగ్గర కూర్చోండి. వెట్టి, పాలేరుతనం, మొదటిసారి చెప్పులేసుకుని ఊళ్లోకి నడిచిన రోజు, మొదటిసారి ఓటేసిన రోజు అడగండి. వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాయండి. ఊరు, ఏడాది, పేర్లు సరిచూడండి. పేరు వెయ్యొద్దంటే వెయ్యొద్దు.

రెండు. అందులో ఆడవాళ్లు ఎందరున్నారు, పిల్లలెందరున్నారు, మనకంటే కింద అనిపించుకున్న కులాలవాళ్లెందరున్నారు లెక్కపెట్టండి. మన కాటా కూడా సరిగా ఉండాలి.

మూడు. పదహారు పేజీలు, పెద్దక్షరాలు, ఒక చాయ్ ధర. చదువురానివాళ్లకు వుడ్సన్ గనిలో చదివినట్టు చదివి వినిపించండి. ఈ మార్కెట్లో మధ్యాహ్నం బేరం సల్లబడ్డాక ఒక అరగంట చాలు.

నాలుగు. వుడ్సన్ రెండు పుట్టినరోజుల వారాన్ని పట్టుకున్నాడు. మనకు ఏప్రిల్ 11 ఫూలే జయంతి, ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి. దండలెయ్యండి, డప్పు కొట్టండి, మేం కాదనం. ఆ నాలుగు రోజుల్లో మన వాడ చరిత్ర మన పిల్లలతో చదివించండి. బానిసత్వాన్ని ఓడించిన నల్లవాళ్ల కథ కూడా వాళ్లకు చెప్పండి.

ఏ ఊరి అవ్వ మాట ముందుగా రాసుకొస్తారో, ఆ ఊరి పుస్తకంతోనే మొదలుపెడదాం. బస్తాలు మోసినవాళ్లం, ఈ బరువు మనకు లెక్కా?

జై భీమ్!